యాత్రాహేతువు

ఆంధ్రవాఙ్మయమున యాత్రాగ్రంథములను గూర్చి వ్రాయువారు సాధారణముగా యాత్రికుఁడు నడచిన దారిని, సేవించిన క్షేత్రములను, తిరిగివచ్చిన దినమును లెక్కించి తమ పని ముగిసినదని తలఁచుచున్నారు. అతఁడేల పోయెనను ప్రశ్న వచ్చినచో గ్రంథకర్త పీఠికలోఁ జెప్పిన మాటనే మరల చెప్పి యూరకుందురు. కాశికిఁ బోయినవాఁడు భక్తిచేతనే పోయెను, కువైటునకుఁ బోయినవాఁడు ధనముకొఱకే పోయెను అని వారి నిశ్చయము. ఈ నిశ్చయము పరీక్షకు నిలుచునది కాదు.

ప్రయోజనము నుద్దేశింపక మందబుద్ధియైనను కార్యమునకుఁ బూనఁడని మీమాంసకులు చెప్పిరి. అది నిజమే. కాని ప్రయోజనము వేఱు, హేతువు వేఱు. వైయాకరణులు ఈ భేదమును విభక్తులలోనే నిలిపినారు. తాదర్థ్యమునకుఁ జతుర్థి, హేతువునకుఁ దృతీయ, కొన్ని యెడలఁ బంచమియు. చిన్నయసూరి తెలుఁగున కొఱకు, కై యనువానిని చతుర్థిగాను, వలన, కంటె, పట్టి యనువానిని పంచమిగాను బరిగణించి, పట్టి యనునది హేతువులగు గుణక్రియలకు వచ్చునని విధించెను. "కూఁతు పెండ్లికై పోయినది" అనినప్పుడు చెప్పువాని చూపు ముందున్నదానిపై నున్నది. "అప్పునుబట్టి పోయినది" అనినప్పుడు వెనుకనుండి తఱుముచున్నదానిపై నున్నది. పోయిన మనిషి యొకతెయే, పోక యొకటియే. విభక్తి మాఱఁగానే కథ మాఱినది. భట్టోజిదీక్షితుఁడు ఇంకొక సూక్ష్మమును జూపెను. అధ్యయనముచేత వసించుచున్నాఁ డనుచోట చదువు ఇంకను గలుగలేదు, అది ఫలము. అయినను దానిపైఁ గల కోరికయే వానిని అచ్చట నిలిపినది గనుక ఫలమును హేతువే యగుచున్నది. తెలుఁగువాఁడు "ఎందుకు" అను నొక్క మాటతో ఈ రెండింటిని గలిపి యడుగును. ఉత్తరమిచ్చువాఁడు తనకు అనుకూలమైన యర్థమును గ్రహించి చతుర్థిలో బదులు చెప్పి తప్పించుకొనును. విమర్శకుఁడు కూడ ఆ చతుర్థితోనే తృప్తిపడినచో విమర్శ మేమి కలదు?

ఈ విషయమును పరీక్షించుటకు కోనసీమయందలి మలికిపురము వంటి స్థలము మఱియొకటి దొరకదు. పడమట వసిష్ఠ, తూర్పున వైనతేయ, దక్షిణమున సముద్రము హద్దులుగాఁ గల రాజోలు దీవిలోనిది ఆ యూరు. తీర్థశబ్దము తరణార్థకమైన ధాతువునుండి పుట్టినది. దేనిచే దాఁటుదురో యది తీర్థము. రేవునకును, పుణ్యజలమునకును ఆ పేరే. ఇతర ప్రాంతములవారికి ఇది నిఘంటువులోని యర్థము. దిండివద్ద వంతెన పడకముందు అవతలి చించినాడ చేరుటకు గోదావరి దాఁటవలసినవారికి, సఖినేటిపల్లి రేవున పంటెక్కి నరసాపురము పోవువారికి నది నిత్యానుభవము. అచ్చటి వ్యవహారమున తీర్థమనఁగా తిరునాళ్లు కూడ. మాఘమాసమున భీష్మైకాదశికి అంతర్వేదిలో లక్ష్మీనరసింహుని రథము కదలును. అది అంతర్వేది తీర్థము. సంక్రాంతి వెళ్లిన కనుమనాఁడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థము. తీర్థమునకుఁ బోవువారందఱును స్వామికొఱకే పోవుచున్నామందురు. అది యబద్ధము కాదు. కాని యొకఁడు సంబంధము కుదుర్పఁదలఁచిన పిల్లను దూరమునుండి చూచుటకు, ఒకతె అత్తవారి యూరినుండి వచ్చు చెల్లెలిని కలిసికొనుటకు, ఇంకొకఁడు ఇంటి కలహమునుండి యొక్క దినము తొలఁగియుండుటకును బోవుచుందురు. వీరికందఱకు స్వామి చతుర్థిలో నున్నాఁడు.

లోకమర్యాదయు దీనికిఁ దోడ్పడుచున్నది. బయలుదేఱువానిని "ఎక్కడికి" అని యడుగుట అశుభము. "దూరమా" అని మాత్రమే యడుగుదురు. పోవువాఁడు "వెళ్లుచున్నాను" అనఁడు, "వెళ్లివత్తును" అనును. క్త్వార్థకముచే పోకను పూర్వక్రియ చేసి, రాకను ప్రధానక్రియగా నిలిపిన వాక్యమిది. ప్రయాణకారణమును మూయుటకు ఇంతకంటె చక్కని వ్యాకరణము లేదు. మర్యాద లోకమునకుఁ దగినదే. కావ్యమున మాత్రము దాఁచినది దాఁచినట్లే యుండి పాఠకునకుఁ దెలియవలెను. మనకవులలో పెద్దవారు ఈ పనిని చక్కఁగా నెఱిఁగియుండిరి.

చేమకూర వెంకటకవి విజయవిలాసమున నర్జునుని తీర్థయాత్ర యిందుకు మొదటి యుదాహరణము. భారతమున నతఁడు బ్రాహ్మణుని గోవులను రక్షించుటకై ఆయుధము తెచ్చుకొనఁబోయి, ద్రౌపదీవిషయమున సోదరులు చేసికొన్న నియమమును భంగపఱచి, తత్ప్రాయశ్చిత్తముగా యాత్రకుఁ బోయెను. వెంకటకవి కథను మార్పలేదు. దానికి ముందు ఒక చిన్న సన్నివేశమును నిలిపెను. ద్వారకనుండి వచ్చిన గదుఁడు సుభద్ర చక్కఁదనమును వర్ణింపఁగా నర్జునుని మనస్సు అప్పుడే అటు పోయినది. ఆపిమ్మట గోవుల కథ జరిగినది. నియమభంగము చతుర్థికిఁ జాలును. సుభద్ర పంచమిలో నున్నది. దీనిని జూచి కొందఱు కవి ధర్మమును తేలిక చేసెనని యాక్షేపించుట కలదు. ఆక్షేపము నిలువదు. అర్జునుఁడు కపటి కాఁడు. అతఁడు నియమమును నిజముగానే పాటించెను, నిజముగానే ప్రేమించెను. రెండు నిజము లొక్క ప్రయాణమున నిముడునని చెప్పుటయే కవి చేసిన పని.

పెద్దన ప్రవరుఁడు వేఱుజాతివాఁడు. అతనికిఁ జెప్పుకొనఁదగిన ప్రయోజనమే లేదు. వచ్చిన యతిథినెల్ల దేశదేశముల వింత లడుగుట, విని తపించుట, సిద్ధుఁడు పాదలేప మీయఁగానే హిమవంతమునకుఁ బోవుట. దీక్షితుఁడు చెప్పిన ఫలహేతువున కిది లక్ష్యము: చూడవలెనను కోరికయే త్రోసినది, చూచుటయే ఫలము. లేపము మంచుచేఁ గరఁగిపోయిన పిమ్మట గాని యగ్నిహోత్రమును, తల్లిదండ్రులును వాని మాటలలోనికి రారు. వరూధినీసన్నిధిని ప్రవరుఁడు చూపిన నిగ్రహమును పొగడువా రనేకులు; ఇల్లు విడిచినప్పటి యతని తొందరను పరిశీలించినవారు కొలఁదిమందియే.

ఇఁక శ్రీనాథుని భీమేశ్వరపురాణమున వ్యాసుని కథ శుద్ధపంచమి. కాశిలో భిక్ష దొరకక, ఆఁకలికిఁ దాళలేక, ఆ నగరమునే శపింపఁబూనిన వ్యాసుఁడు శివాజ్ఞచే బహిష్కృతుఁడై దక్షిణమునకు నడచి దాక్షారామమును జేరెను. లోకమంతయు గోదావరీతీరమునుండి కాశికిఁ బోవుచుండఁగా, పురాణకర్త కాశినుండి గోదావరీతీరమునకు వచ్చెను, అదియు నాఁకలినిబట్టి. శ్రీనాథుఁడు ఆ యాఁకలిని మూయలేదు, దానివలన వ్యాసుని గౌరవమునకుఁ గొఱఁత రానీయలేదు. కోనసీమవారు తమ యింటి కథగాఁ జెప్పుకొనఁదగిన దిది.

వచనములో ఈ విచారమునకు ముఖ్యమైన గ్రంథము ఏనుఁగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర. చెన్నపురి సుప్రీముకోర్టున ద్విభాషిగా నున్న యాయన 1830 మే 18వ తేదీన నూఱుమందిదాఁక పరివారముతో బయలుదేఱి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీఁదుగా కాశి చేరి, గయ, కలకత్తా, పూరీ చూచుకొని, తూర్పుతీరముననే తిరిగివచ్చి 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. దారిపొడుగునను కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు ఉత్తరములు వ్రాయుచుండెను. వీరాస్వామయ్య 1836లో గతించిన పిదప పిళ్ళ వానిని గ్రంథముగాఁ గూర్చి 1838లో నచ్చువేయించెను. దిగవల్లి వేంకటశివరావు పరిష్కరించిన ప్రతి 1941లో వెలువడినది. గ్రామ్యభాషయని పండితులు చాలకాలము దీనిని దూరముగా నుంచిరి. చరిత్రకారులు మాత్రము వదలలేదు. ఇరువురును యాత్రాప్రయోజనమును గూర్చి సందేహింపలేదు: కాశీగంగ, గయాశ్రాద్ధము.

సందేహింపవలసినది అచ్చటనే. గ్రంథతాత్పర్యమును నిర్ణయించుటకు మీమాంసకులు ఉపక్రమోపసంహారములు, అభ్యాసము మొదలగు లింగములను జెప్పినారు. ఉపక్రమమును బట్టి చూచినచో ఇది పుణ్యయాత్రయే. అభ్యాసమును బట్టి, అనఁగా మాటిమాటికి వచ్చుదానిని బట్టి చూచినచో వేఱుగాఁ దోఁచును. ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఎచ్చట దిగుటకు వసతి కలదు, ఏ యూర నంగళ్లున్నవి, ఏ పదార్థములు దొరకును, బాట యిసుకయా రాయా, ఏఱు ఎట్లు దాఁటవలెను అను విషయములు పుటపుటను వచ్చుచున్నవి. క్షేత్రమాహాత్మ్యములును కలవు గాని, రచయిత కలము ఉత్సాహముతోఁ బరుగెత్తునది బాటమీఁదనే. యేఁబదియేండ్ల వయస్సున, మంచి యుద్యోగమున నున్న గృహస్థుఁడు పదునైదు మాసములకు మించి యిల్లు విడుచుటకుఁ గల హేతువు అందులో నున్నది. తెలిసికొనవలెనను దాహము, తెలిసినదానిని వెనుక వచ్చువారికిఁ జెప్పవలెనను తొందర. భక్తి చతుర్థి, కుతూహలము పంచమి. భక్తి కపటమని దీని యర్థము కాదు. కాశి లేనిచో నాయనకు బాటయే లేదు.

ఇచ్చట నొక యాక్షేపము రాఁగలదు. గ్రంథకర్త చెప్పని కారణమును వెదకుట పరుల యింటి గుట్టు వెదకుట కాదా, విమర్శకునకు గ్రంథమే ప్రమాణము కాదా యని. సమాధానము: హేతువును గ్రంథమునకు వెలుపల, వదంతులలో వెదకినచో నది గుట్టే. గ్రంథమున వాక్యము ఎచ్చట పొడవగునో, మాట ఎచ్చట మరల వచ్చునో, ఎచ్చట చటుక్కున తెగునో యచ్చట వెదకుట శబ్దవిచారము. వీరాస్వామయ్య కుటుంబవిషయములతో నిందుఁ బనిలేదు; ఆయన బియ్యమును గూర్చి యెన్నిసారులు వ్రాసెనో యది చాలును.

ఈ పద్ధతితోనే మలికిపురమునకు మరల రావలసియున్నది. ఆ తీరమునుండి పరదేశములకుఁ బోక నేఁటిది కాదు. కోరంగి మొదలగు రేవులనుండి తెలుఁగువారు రంగూనునకుఁ బోవుచుండిరి, దానిని రంగమనిరి. 1942లో జపానువారు బర్మా నాక్రమించినప్పుడు అనేకులు కాలినడకను తిరిగివచ్చిరి. ఆ పిమ్మటి తరములలో రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి ప్రాంతములనుండి కువైటు, మస్కటు, దుబాయి, దోహాలకుఁ బోవుట మొదలయ్యెను. పోవువారిలో ఇండ్లలోఁ బనికిఁ గుదురు స్త్రీలనేకులు. కారణమడిగినచో బదులు చతుర్థిలోనే వచ్చును: పిల్ల పెండ్లికి, కొడుకు చదువునకు, డాబా యింటికి. పంచమి బదులు వేఱు. 1996 నవంబరు 6వ తేదీ తుపాను కోనసీమ కొబ్బరితోటలను గూల్చినది. నాటిన మొక్క మంచి కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. వడ్డీ యన్నాళ్లు ఆఁగదు. ఇట్టి హేతువును చెప్పుకొనుటకు సిగ్గులేదు. చెప్పుకొనరానివి కలవు: మగని త్రాగుడు, విధవరాలికిఁ బుట్టినింట దొరకని చోటు, అత్తతోడి వైరము, కాదన్న పెండ్లి. ఒక్కొక్కప్పుడు ప్రవరుని హేతువే. విమానమెక్కి యెడారి చూడవలెనను కోరిక పేదరాలికి నుండరాదని శాస్త్రమేమియు లేదు.

వలసనుగూర్చి తెలుఁగునఁ గథలు వ్రాసినవారు కలరు. వారి దయ మెచ్చఁదగినది. అయినను ఆ కథలలోఁ దఱచుగా దళారి మోసము, యజమాని క్రౌర్యము, శవపేటిక అను మూఁడే మజిలీ లుండుటయు, పోయినదానికి దారిద్ర్యమొక్కటియే హేతువగుటయు లోపము. దారిద్ర్యము ఊరందఱకు సమానమైనప్పుడు ఆ యింటిలో నీమెయే యేల పోయెను, అక్కయేల పోలేదు? ఈ ప్రశ్నకు బదులు లేని కథ వార్తకంటె నెక్కువ కాఁజాలదు. శ్రీనాథుఁడు వ్యాసున కిచ్చిన గౌరవమును, వెంకటకవి యర్జునున కిచ్చిన రెండు మనసులను కువైటునకుఁ బోయిన స్త్రీకి నేఁటి కథకుఁడు ఇంకను చాలినంత యీయలేదు.

ఆ కథకు వలయు సామగ్రి అచ్చులో లేదు. దూరశ్రవణయంత్రము చేతికి రాకముందు పోయినవారు ఉత్తరములు వ్రాసిరి, వ్రాయరానివారు వ్రాయించిరి, టేపురికార్డరులో మాటలాడి కాసెట్లు పంపిరి. "ఇచ్చట నేను క్షేమము" అని యుపక్రమము, "అందఱిని అడిగినట్లు చెప్పవలెను" అని యుపసంహారము. ఈ రెండును అందఱివి. తాత్పర్యము నడుమ వచ్చు నభ్యాసమున నుండును. పంపిన సొమ్ము లెక్క యెన్నిసారులు వచ్చినది, పిల్లవాని జ్వర మెన్నిసారులు, ఎవరి పేరు ఒక్కసారియు రాలేదు అని చూడవలెను. వీరాస్వామయ్య యుత్తరములను దాఁచి యచ్చువేయించుటకు శ్రీనివాసపిళ్ళ యుండెను. వీనికి సంపాదకుఁడు లేఁడు. సేకరణమునకుఁ బూనువారు మొదట కాసెట్లను, పిదప కాగితములను జూచుట యుక్తము. సముద్రపు తేమగాలికి కాసెట్టులోని నాడా కాగితముకంటె ముందే చెడును. ప్రతులలో పేర్లను, ఊళ్లను తొలఁగించి, మూలములను ఇంటివారికే తిరిగి యీయవలెను. వారు చూపుటకు ఒల్లనిదానిని అడుగరాదు.