సల్ఫేటా, క్లోరైడా?

జంగారెడ్డిగూడెంలో పిల్లలకు రసాయన నామాలు చెప్పాల్సి వస్తే నేను ఎరువుల బస్తా దగ్గర్నుంచే మొదలుపెడతాను. వర్జీనియా పొగాకు పండే మెట్ట ఇది. పొటాష్ కావాలంటే కొట్లో రెండు రకాలు దొరుకుతాయి. ఎంఓపీ అంటే పొటాషియం క్లోరైడ్, చవక. ఎస్ఓపీ అంటే పొటాషియం సల్ఫేట్, ఖరీదు. అయినా పొగాకు రైతు ఎస్ఓపీయే అడుగుతాడు. క్లోరైడ్ ఆకులో పేరుకుంటే ఆకు తేమ పీలుస్తుంది, సరిగా కాలదు, వేలంలో ధర పలకదు. రెండు బస్తాల్లోనూ ఉన్నది పొటాషియమే. పంటను నిలిపేదీ చెరిపేదీ పేరులోని రెండో మాట.

ఆ రెండో మాటనే పిల్లలు శ్రద్ధగా చదవాలి. క్లోరైడ్ ఒంటరి అయాను. సల్ఫేట్ అలా కాదు: ఒక గంధకం, నాలుగు ఆక్సిజన్లు కలిసి రెండు ఋణావేశాలు మోసే గుంపు. పొటాషియం సల్ఫేట్ నీళ్లలో కరిగితే పొటాషియం విడిపోతుంది గానీ ఈ గుంపు విడిపోదు. అందుకే దానికి ఒకే పేరు. ధనాయాను ముందు, గుంపు వెనక. ఎన్నెన్ని ఉన్నాయో పేరులో చెప్పనక్కర్లేదు, ఆవేశాలు సరిపోవాలన్న నియమమే చెబుతుంది. కాల్షియానికి రెండు ధనావేశాలు, నైట్రేట్‌కు ఒక ఋణావేశం, కనుక కాల్షియం నైట్రేట్‌లో నైట్రేట్లు రెండు. ఫార్ములాలో ఆ గుంపును బ్రాకెట్లో పెట్టి బయట 2 వేయాలి. బ్రాకెట్ మరిస్తే 3 పక్కన 2 చేరి ఆక్సిజన్లు ముప్పై రెండవుతాయి!

నైట్రేట్‌లో మూడు ఆక్సిజన్లు, నైట్రైట్‌లో రెండు. ఎక్కువుంటే ‘ఏట్’, తక్కువుంటే ‘ఐట్’ అనే ఈ పద్ధతి 1787లో లావోయిజియే, గైటన్ ద మోర్వో, మరో ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ప్రకటించిన నామకరణం నుంచి వచ్చింది. అంతకుముందు ఒక్కో లవణానికి ఊరికో పేరు.

అసలు పరీక్ష డీఏపీ. డై అమ్మోనియం ఫాస్ఫేట్ అని బస్తా మీద ఉంటుంది. ఫాస్ఫేట్‌కు మూడు ఋణావేశాలు, అమ్మోనియానికి ఒక ధనావేశం. మరి అమ్మోనియంలు మూడుండాలి కదా, ‘డై’ అంటూ రెండే ఎందుకున్నాయి? ఈ ప్రశ్న పిల్లల నోటి నుంచి రావాలని నేను ఎదురుచూస్తాను, జవాబు తొందరపడి చెప్పను. మూడో ధనావేశం ఎక్కడిదని వెతికితే హైడ్రోజన్ దొరుకుతుంది. ఆ గుంపు ఉత్త ఫాస్ఫేట్ కాదు, హైడ్రోజన్ ఫాస్ఫేట్. దాని ఆవేశం రెండే. వ్యాపారపు పేరు వదిలేసిన హైడ్రోజన్‌ను పదో తరగతి పిల్ల కాగితం మీద లెక్కవేసి పట్టుకోగలదు.