ఆత్మకథకు వరుస ఏది?
ఇమామ్ గజాలీ 'అల్ మున్‌ఖిజ్ మినజ్ జలాల్' ఆధారంగా ఒక పరిశీలన

ఆత్మకథ రాయబూనిన వారు మన సమాజంలో సాధారణంగా ఒకే దారిన నడుస్తారు. ముందు వంశావళి, ఆ తరువాత జననం, ఖుర్ఆన్ పఠనారంభం, మద్రసా లేక పాఠశాల, ఉద్యోగం, వివాహం, హజ్ యాత్ర, చివరకు కృతజ్ఞతలు. అనువాదం కోసమో సలహా కోసమో నా వద్దకు వచ్చిన ఉర్దూ, తెలుగు రాతప్రతులలో ఎక్కువ భాగం ఈ వరుసలోనివే. వాటిని రాసిన పెద్దల చిత్తశుద్ధిని శంకించడానికి వీలులేదు. అయినా సగం చదివేసరికి మనసు పక్కకు పోతుంది. సంఘటనలకు కొదవ ఉండదు. ఆ పెద్దమనిషి తన బ్రతుకును మనకెందుకు చెబుతున్నాడన్న ఒక్క సంగతే తెలియకుండా పోతుంది.

ఈ లోపానికి మూలమెక్కడుందో నేను చేసిన ఒక పొరపాటు వల్లనే నాకు తెలిసివచ్చింది. ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్) రచన 'అల్ మున్‌ఖిజ్ మినజ్ జలాల్'ను, అనగా 'మార్గభ్రష్టత నుండి విముక్తి కలిగించేది' అన్న చిన్న గ్రంథాన్ని, తెలుగు చేయబూనిన తొలి రోజుల్లో, పాఠకునికి సులభంగా ఉంటుందని తలచి విషయాలను తేదీల ప్రకారం మార్చి పెట్టాను. హిజ్రీ 450 (క్రీ.శ. 1058)లో తూస్‌లో జననం, 484 (1091)లో బాగ్దాద్ నిజామియ్యా మద్రసాలో ఆచార్య పదవి, 488 (1095)లో నిష్క్రమణ, 499 (1106)లో నైషాపూర్‌లో తిరిగి బోధన. చూడడానికి చక్కగా ఉంది. తిరిగి చదువుకుంటే అది ఏ విజ్ఞాన సర్వస్వంలోనైనా దొరికే జీవిత సంగ్రహం. ఇమామ్‌గారు అందులో లేరు.

మూలగ్రంథపు అమరిక వేరు. అది ఒక ధార్మిక సోదరుడు వేసిన ప్రశ్నకు సమాధానంగా మొదలవుతుంది. ఇల్మె కలాం వల్ల మీకేమి లభించింది? తాలీమియ్యా వర్గం వారిలో, అంటే బాతినీలలో, మీకు నచ్చనిదేమిటి? తత్వవేత్తలను ఎందుకు కాదన్నారు? సూఫీ మార్గంలో ఏమి మెచ్చారు? బాగ్దాద్‌లో అంతమంది విద్యార్థులుండగా బోధన ఎందుకు మానారు, ఇన్నేళ్ళ తరువాత నైషాపూర్‌లో దానికి మళ్ళీ ఎందుకు పూనుకున్నారు? ఈ ప్రశ్నలే గ్రంథానికి విషయసూచిక. యాభై దాటిన వయసులో ఆయన తన జీవితంలో నుండి ఈ ప్రశ్నలకు జవాబు కాగలిగిన వాటినే ఏరుకున్నారు. గణితం, తర్కం మొదలుగా తత్వవేత్తల ఆరు శాస్త్రాలను విడమరచిన భాగం పుస్తకంలో చాలా చోటు ఆక్రమిస్తుంది. తేదీల వరుసలో దానికి స్థానమే లేదు. నేను దానిని అడుగున సూచికలోకి నెట్టివేశాను!

ఇక అసలు ఘట్టానికి వద్దాము. 488 రజబ్ మాసంలో మొదలై సుమారు ఆరు నెలలపాటు ఆయన పడిన వేదన అందరికీ తెలిసిందే. పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు, అన్నం సహించలేదు, వైద్యులు చేతులెత్తేశారు. ఈనాటి రచయిత ఎవరైనా పుస్తకాన్ని ఇక్కడే మొదలుపెడతాడు. గజాలీ దానిని నాలుగు మార్గాలలో చివరిదైన సూఫీ మార్గపు అధ్యాయంలో ఉంచారు. కలాం, తత్వశాస్త్రం, తాలీమియ్యా మూడూ తన దాహం తీర్చలేవని తేలింది. సూఫీల గ్రంథాలను చదివి, చదువుతో అందేదంతా అందుకున్నారు. మిగిలినది అనుభవంతో తప్ప దక్కదని గ్రహించారు. అప్పుడే నోరు మూగవోయిందని చెబుతారు. మాటలతో చేయగల పని ఎక్కడ ముగిసిందో అక్కడే మాట ఆగిపోవడం పాఠకుని గుండెను పట్టుకుంటుంది. అదే ఘట్టం మొదటి పుటలో ఉంటే అది కేవలం ఒక వ్యాధి వృత్తాంతం. నైషాపూర్ పునరాగమనం కూడా అంతే. దానికి ముందు ప్రవక్తృత్వం మీద ఒక అధ్యాయం ఉంది. అది చదవని వానికి, బోధన మానినవాడు మళ్ళీ ఎందుకు బోధించాడో బోధపడదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది, అది తేలికైనది కాదు. ఇస్నాద్‌ను ప్రాణంగా కాపాడుకున్న సమాజం మనది. జరిగిన వరుసను మార్చి చెప్పడం అమానత్‌కు భంగం కాదా? గజాలీ తాను మొదట కలాం, రెండవది తత్వం, మూడవది తాలీమియ్యా, నాలుగవది తసవ్వుఫ్ పరిశీలించానని రాశారు. కాని ఆయన సమకాలికుడు అబ్దుల్ గాఫిర్ ఫారసీ ఇచ్చిన వృత్తాంతాన్ని బట్టి, ఆయనకు సూఫీ గురువు అబూ అలీ ఫార్మదీ సాంగత్యం ముందే లభించింది. ఫార్మదీ 477 (1084)లోనే, అంటే గజాలీ బాగ్దాద్ రావడానికి ఏడేళ్ళ ముందే, కన్నుమూశారు. కొందరు ఆధునిక పరిశోధకులు గ్రంథపు సత్యసంధతనే ప్రశ్నించారు. నేనంత దూరం పోను. ఒక మార్గంతో పరిచయం వేరు, దానిని గీటురాయిపై పెట్టి చూడడం వేరు. గజాలీ చెబుతున్నది రెండవదాని వరుస. అయినప్పటికీ ఫార్మదీని గురించి ఒక్క వాక్యమైనా ఉండవలసిందని నా అభిప్రాయం. అమరికను ఎంచుకునే స్వేచ్ఛ రచయితది. ఆ అమరికలో ఇమడని సత్యాన్ని కనీసం వాకిట నిలబెట్టి చూపడం అతని బాధ్యత.

వేరే మార్గాలు తొక్కినవారూ ఉన్నారు. ముహమ్మద్ అసద్ 1954లో ఇంగ్లీషులో వెలువరించిన 'ద రోడ్ టు మక్కా'ను 1932లో అరేబియా ఎడారిలో చేసిన 23 రోజుల ప్రయాణంలో ఇమిడ్చారు. ఒంటె నడుస్తుంటే గతం తెరలు తెరలుగా వస్తుంది. అందమైన చట్రమే గాని ప్రయాణం మక్కాకు చేరగానే పుస్తకమూ ఆగుతుంది. భారతదేశంలో ఆయన నిర్బంధం, పాకిస్తాన్ సేవలో గడిపిన సంవత్సరాలు చట్రానికి వెలుపలే ఉండిపోయాయి. మౌలానా ఆజాద్‌ది మరీ విచిత్రం. రాంచీ నిర్బంధంలో ఆత్మకథ రాయమంటే 'తజ్కిరా'లో చాలామటుకు పూర్వీకులను గురించి రాశారు. అహ్మద్‌నగర్ కోటలో 1942 తరువాత రాసిన, పోస్టు చేయడానికి వీలులేని ఉత్తరాలు 'గుబారె ఖాతిర్' అయినాయి. రాజకీయ చరిత్రగా చెప్పిన 'ఇండియా విన్స్ ఫ్రీడమ్' 1959లో వచ్చింది. ఆయన మనసు ఆ ఉత్తరాలలో, టీ గురించీ పిచ్చుకల గురించీ రాసిన పుటలలో దొరికినంతగా మూడవ పుస్తకంలో దొరకదు.

మొన్న ఒక పెద్దాయన తన హజ్ జ్ఞాపకాల రాతప్రతి తెచ్చారు. పాస్‌పోర్టు దరఖాస్తుతో మొదలవుతుంది. నలభయ్యో పుటలో, పదేళ్ళుగా మాటలు లేని తమ్ముణ్ణి బయలుదేరే ముందు క్షమాపణ కోరడానికి వెళ్ళి, వాకిలి దాకా పోయి తిరిగివచ్చిన సంగతి రెండు వాక్యాలలో ఉంది. అరఫాత్ మైదానంలో అది మళ్ళీ గుర్తుకు వచ్చిందని మరొక వాక్యం. ఆయన పుస్తకం ఆ వాకిలి దగ్గర ఉందని చెప్పాను. ఆలోచిస్తానన్నారు.

నా అనువాదం విషయానికొస్తే, మూలపు వరుసనే తిరిగి నిలబెట్టాను. తేదీలను చివర ఒక పుటలో పట్టికగా చేర్చాను. ఫార్మదీ పేరు ఆ పట్టికలో ఉంది.