తెర మీద కొట్టు సర్దే చేయి

బట్టల కొట్టులో గుమాస్తా తానులు విప్పి గుడ్డను మన చేతికిస్తాడు. కుర్రకారు టీషర్టులు అమ్మే వెబ్‌సైట్‌లో ఆ పని డిజైనర్‌ది. ముట్టుకోలేని గుడ్డను కంటితోనే తడిమించాలి మరి!

అందుకే మెడపట్టీ కుట్టు, నేత కనపడేంత దగ్గర నుంచి తీసిన ఫొటో ఒకటి తప్పకుండా పెడతాడు. 4 ఎంబీల బొమ్మను వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి 200 కేబీలకు దించుతాడు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న బస్సులోనూ పేజీ చటుక్కున తెరుచుకోవాలి కదా. పసుపు మీద తెల్ల అక్షరాలు కావాలని యజమాని పట్టుబడితే, మామూలు అక్షరాలకు కాంట్రాస్టు కనీసం 4.5:1 ఉండాలని చూపించి నలుపుకు ఒప్పిస్తాడు. ‘కొనండి’ బటన్‌ను బొటనవేలికి అందేలా స్క్రీన్ అడుగున ఉంచుతాడు.

నాకు ముచ్చటేసేది మాత్రం సైజుల పట్టిక. వట్టి ఎం, ఎల్ అని రాసి ఊరుకోడు. ఛాతీ కొలత అంగుళాల్లో, సెంటీమీటర్లలో ఇస్తాడు. పక్కనే మోడల్ ఎత్తు, వేసుకున్న సైజు. కింద చిన్న బొమ్మ: మీకు సరిపోయే చొక్కాను మంచం మీద పరిచి, చంక నుంచి చంకకు కొలవండి. ఆ ఒక్క గీత ఎన్ని పార్సిళ్లను వెనక్కి రాకుండా ఆపుతుందో! అది గీసినవాడి మెడలో టేపు లేదంతే, ఉన్నది దర్జీ బుద్ధే.