ఒత్తిడి పరీక్షలో ‘స్థిరత్వం’ : ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రాసెసర్, మెమరీ, ఇతర భాగాలు ఒకే పలకపై అమరిన చిన్న కంప్యూటరే సింగిల్ బోర్డ్ కంప్యూటర్. 2019లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై 4 వంటి బోర్డులకు జరిపే ‘స్ట్రెస్ టెస్ట్’ను తెలుగులో ‘ఒత్తిడి పరీక్ష’ అనీ, అందులో నెగ్గడాన్ని ‘స్థిరత్వం’ అనీ అనడం సులభమే. అయితే ఆ రెండవ మాట దేనిని నిరూపిస్తున్నదో పరిశీలించవలసి ఉంది.

సాధారణంగా వినవచ్చే వాదం ఇది: నాలుగు కోర్లకూ నిండుగా పని పెట్టి రాత్రంతా నడిపారు, బోర్డు ఆగలేదు, కనుక అది స్థిరం. ఈ హేతువు చాలదు. వోల్టేజి చాలని ప్రాసెసర్ కొన్నిసార్లు ఆగకుండానే తప్పు లెక్క ఇస్తుంది. ఆ తప్పు ఫైళ్లలోకి చేరినా వెంటనే ఎవరికీ తెలియదు. స్ట్రెస్-ఎన్‌జీ ప్రధానంగా ప్రాసెసర్‌ను పనిలో ఉంచే సాధనం. ఫలితాలను సరిచూడాలంటే ‘వెరిఫై’ ఐచ్ఛికాన్ని విడిగా కోరాలి, అదీ అన్ని పరీక్షలకూ వర్తించదు. లిన్‌ప్యాక్ తీరు వేరు. అది పెద్ద రేఖీయ సమీకరణాల వ్యవస్థను సాధించి, వచ్చిన జవాబును తిరిగి అవే సమీకరణాలలో ప్రతిక్షేపించి, మిగిలిన దోషం హద్దులో ఉన్నదీ లేనిదీ చూస్తుంది. మొదటిది ఓర్పును కొలిస్తే, రెండవది ఓర్పుతోపాటు సత్యాన్నీ అడుగుతుంది.

మరొక చిక్కు సూక్ష్మమైనది. పై 4 ప్రాసెసర్ 80 డిగ్రీల సెల్సియస్ చేరగానే తన వేగాన్ని తానే క్రమంగా తగ్గించుకుంటుంది. 85 వద్ద గ్రాఫిక్స్ భాగం కూడా తగ్గుతుంది. అంటే 1.5 గిగాహెర్ట్జ్ కోసం మొదలైన పరీక్షలో బోర్డు అంతకన్నా తక్కువ వేగంతో నెగ్గి ఉండవచ్చు. ఆ సంగతి ‘గెట్ థ్రాటిల్డ్’ ఆదేశం చెబుతుంది. విద్యుత్ సరఫరా సుమారు 4.63 వోల్టుల కన్న దిగువకు పడినా అదే చెబుతుంది. ఉష్ణోగ్రత, వేగం, వోల్టేజి నమోదు కాని నివేదికలో గంటల సంఖ్య ఎంత పెద్దదైనా దాని విలువ స్వల్పం. గది ఉష్ణోగ్రతనూ విడిచిపెట్టరాదు. 25 డిగ్రీల గదిలో 70 వద్ద నిలిచే బోర్డు, 40 దాటే తెలుగు ప్రాంతపు వేసవిలో అదే భారానికి ఆ 80 హద్దును తాకుతుంది.

ఇంత చేసినా పరీక్ష అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. 2015లో రాస్ప్‌బెర్రీ పై 2 బోర్డు జెనాన్ ఫ్లాష్ ఉన్న కెమెరాతో ఫొటో తీస్తే ఆగిపోయేది! కారణం కాంతికి స్పందించిన ఒక విద్యుత్ నియంత్రణ చిప్. ఎంత లెక్క చేయించినా ఆ లోపం బయటపడేది కాదు.

పారిభాషిక పదాల విషయంలోనూ ఈ తేడాలు నిలవాలి. ఆగకుండా నడవడానికి ‘నిలకడ’, సరైన ఫలితానికి ‘నిర్దుష్టత’ అని విడదీస్తే అయోమయం తగ్గుతుంది. ‘థ్రాట్లింగ్’ను ‘వేగ నియంత్రణ’ అనడం మాత్రం తగదు. నియంత్రించే చేయి వేరే ఉన్నదనే భ్రమను అది కలిగిస్తుంది, ఇక్కడ తగ్గుతున్నది యంత్రమే.