రాముడి వీపు: పేరా చదివి గ్రహించడం గురించి

"కింది పేరా చదివి ప్రశ్నలకు జవాబులు రాయండి" అన్న వాక్యం చూడకుండా మనలో ఎవరమూ పదో తరగతి దాటలేదు. పేరా కింద ఐదు ప్రశ్నలుంటాయి. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యాన్ని ఎత్తి రాస్తే మార్కు పడుతుంది. పేరా అర్థం కాకపోయినా పడుతుంది. 2011-14 మధ్య తెలుగు వాచకాలు మార్చినప్పుడు 'అవగాహన - ప్రతిస్పందన' అని శీర్షిక పెట్టి, ఆలోచించి సొంతమాటల్లో రాయమన్నారు. ఉద్దేశం మంచిదే. అయితే ఆ సొంతమాటలు కూడా గైడ్లలో అచ్చయి బజార్లోకొచ్చేశాయి.

రాసినదాన్నిబట్టి రాయనిదాన్ని తెలుసుకోవడం వేరే పని. మా వైపు గుంటలకి ఇదేం కొత్త విద్య కాదు. రైతు వాకిట్లో చేతులు కట్టుకు నిలబడ్డ పాలేరు కొడుక్కి, 'రేపు కనబడరా' అన్న ఒక్క మాటతో ఈ వారం డబ్బులు రావని తెలిసిపోతుంది. మాట కంటే ముందే ముఖం చదువుతాడు. చదవకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అదే గుంటడు తెలుగు క్లాసులో 'గ్రహణశక్తి తక్కువ' అనిపించుకుంటాడు. ఎందుకంటే పేరాలో ఏది గ్రహించాలో ప్రశ్న రాసినాయన ముందే తేల్చేశాడు. మన సాహిత్య విమర్శలో కూడా ఇదే జరిగింది.

మన విజయనగరం కథే తీసుకుందాం. గురజాడ 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చింది. సానిమేళాల మోజులో పడ్డ గోపాలరావు రాత్రి ఒంటిగంటకి ఇంటికొస్తాడు. చదువుకున్న భార్య కమలిని మంచం కింద దాక్కుని, ఉత్తరం రాసిపెట్టి, అతనికి బుద్ధి చెబుతుంది. మన క్లాసుల్లో అడిగే ప్రశ్నలు అందరికీ తెలిసినవే. ఎవరు ఎవర్ని దిద్దారు? కమలిని పాత్ర ఎలాంటిది? సంఘసంస్కరణలో ఈ కథ స్థానమేమిటి? జవాబులూ తెలిసినవే.

ఇప్పుడు కథ మధ్యలో ఓ చిన్న ముక్క మాత్రమే చదవండి. గోపాలరావు వీధి తలుపు తీసేసరికి నౌకరు రాముడు వీధిలో చుట్ట కాలుస్తూ కనిపిస్తాడు. 'మీ అమ్మ ఏది' అని యజమాని అడుగుతాడు. రాముడు తన కన్నతల్లి అనుకుని, గుడిసెలో పడుకుందని చెబుతాడు. క్లాసులో అందరూ నవ్వేది ఇక్కడే. ఇంట్లో అడుగు పెట్టగానే రాముడి వీపు మీద రెండు గుద్దులు పడతాయి. కూలబడిపోతాడు. ఆ వెంటనే కథకుడు గోపాలరావుది దయగల మనసంటాడు. ఆయన పశ్చాత్తాపపడి, రాముణ్ణి చేత్తో లేవనెత్తి, వీపు నిమిరి, గదిలోకి తీసుకుపోయి, తాను కుర్చీలో కూర్చుంటాడు.

ఈ ముక్కని నేను కొందరు డిగ్రీ విద్యార్థులతో ఆదివారాలు చదివాను. పెట్టుకున్న నియమం ఒక్కటే: ఏం చెప్పినా, ఏ మాటనిబట్టి చెప్తున్నావో వేలు పెట్టి చూపించాలి. రాముడికి ఇల్లుందా? ఉంది, గుడిసె, ఆ మాట అతనే అన్నాడు. రాత్రి ఒంటిగంటకి తల్లి అక్కడ, కొడుకు ఇక్కడ. అంటే పని గంటలకి లెక్క లేదు. గుద్దులు వీధిలో పడలేదు, గుమ్మం దాటాక పడ్డాయి. ఎందుకని? 'నలుగురూ చూస్తారని' అంది ఒకమ్మాయి. కావచ్చు; కోపం అప్పుడే బద్దలైందనీ అనుకోవచ్చు. ఇక్కడ రెంటికీ చోటుంది, ఒకటే నిజమని రాయకూడదు.

కమలిని మంచం కింద నుంచి ఎప్పుడు నవ్వింది? మొగుడు పశ్చాత్తాపపడ్డాక, చివర్లో. మరి రాముడు దెబ్బలు తిని అరిచినప్పుడు? అంత రాత్రి, నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో ఆ అరుపు వినపడకుండా ఉంటుందా? వినపడిందని కథ చెప్పలేదు. వినపడలేదనీ చెప్పలేదు. వినపడే ఉంటుందనుకుంటే మాత్రం 'దిద్దుబాటు' అన్న పేరుకి ఇంకో ఖర్చు కనబడుతుంది. మొగుడు దిద్దుకున్నాడు, భార్య గెలిచింది, దెబ్బలు నౌకరు తిన్నాడు. నూరేళ్ళు దాటినా ఈ వీపు గురించి మన పరీక్షల్లో ప్రశ్న రాలేదు.

ఇక్కడే మనవాళ్ళతో నాకు పేచీ. ఆ విద్యార్థుల్లో ఇద్దరు 'రాముడు దళితుడు' అని రాశారు. ఏ మాటనిబట్టి? గుడిసెనిబట్టి అన్నారు. గుడిసె పేదరికాన్ని చెబుతుంది, కులాన్ని కాదు. నిజానికి ముక్కలో ఆధారం రెండోవైపే మొగ్గుతోంది. యజమాని అతన్ని చేత్తో ముట్టుకున్నాడు, గదిలోకి తీసుకుపోయాడు. ముట్టుకున్నవాడికి గానీ, ముట్టించుకున్నవాడికి గానీ, కథకుడికి గానీ అదో విశేషంగా తోచలేదు. 1910 నాటి ఇంట్లో అంటరానివాడు గది గుమ్మం దాటితే అది సంఘటన అయ్యేది. సంస్కర్త ఇల్లు కాబట్టి పట్టించుకోలేదనొచ్చు, కానీ అలాంటి సంస్కరణ చేసుంటే గోపాలరావు దాని గురించి ఓ ఉపన్యాసం ఇవ్వకుండా ఉంటాడా? రాముడు ఏ శూద్రకులం వాడో అయ్యుంటాడు. మనం ఆ కథలో లేం. మాలపిల్లని గురజాడ తన కవిత్వంలోకి, 'లవణరాజు కల'లోకి, పేరు పెట్టే తెచ్చాడు. ఈ ఇంట్లోకి తేలేదు. ఈ లేకపోవడం కూడా చదవాల్సిన విషయమే. రాముణ్ణి హడావిడిగా మనవాణ్ణి చేసేసుకుంటే అదీ చెరిగిపోతుంది.

దళిత విమర్శ 'లేనిది ఉన్నట్టు చదువుతుంద'ని 1990ల నుంచీ కొందరు పెద్దలు అంటూనే ఉన్నారు. వాళ్ళు మాత్రం కథకుడు దయగలవాడన్నాడు కాబట్టి దయగలవాడే అని రాసుకుని, గుద్దుల్ని దాటిపోయారు. ఉన్నది లేనట్టు చదవడం వాళ్ళ పద్ధతి. దానికి బదులు మనం లేనిది ఉన్నట్టు చదివితే లాభం లేదు. వేలు పెట్టి చూపించే అలవాటు వాళ్ళకంటే మనకే ఎక్కువ కావాలి. మన మాట ఎవరూ ఊరికే నమ్మరు.

ఈ అలవాటు కథలతో ఆగదు. 2012 జూన్ 12న లక్ష్మింపేటలో ఐదుగురు దళితుల్ని చంపేశారు. ఆ ఊరు అప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022 నుంచి విజయనగరం జిల్లాలో ఉంది. తగువు మడ్డువలస రిజర్వాయరు కోసం తీసుకుని, మునక్కుండా మిగిలిన భూమి మీద. ఇలాంటివి జరిగినప్పుడు 'రెండు వర్గాల మధ్య ఘర్షణ, ఐదుగురి మృతి' అనే మోస్తరు వాక్యాలు మనం ఎన్ని చూడలేదు! వ్యాకరణం ప్రకారం అందులో తప్పు లేదు. ఆ ఒక్క వాక్యాన్ని పేరాగా ఇచ్చి, కింద ఇలా అడిగి చూడండి: వర్గాలు రెండైతే, చనిపోయిన ఐదుగురూ ఒక్క వర్గం వాళ్ళే ఎలా అయ్యారు? 'మృతి' అన్న మాటకి కర్త ఎవరు?