మాయాలోకమున నడక

ముదిమిలో ఒకసారి పడినవారికి ఎముక విరుగుటకంటె ధైర్యము సడలుట తరచు పెద్ద నష్టమగుచుండును. మరల పడుదుమేమో యను భయముచే వారు నడక మానుదురు. నడక మానినకొలది కాళ్ళ బలము తగ్గును. బలము తగ్గినకొలది పడు ప్రమాదము హెచ్చును. పక్షవాతముచే చేయి పడిపోయినవారి స్థితియు ఇంచుమించు ఇట్టిదే. దీనికి ఫిజియోథెరపీలో ముఖ్యమైన ఉపాయము ఒకే కదలికను వందలసార్లు చేయించుట. అది మిక్కిలి విసుగు పుట్టించు పని. ఆ విసుగును పోగొట్టుటకే వర్చువల్ రియాలిటీని, అనగా కంప్యూటరు కల్పించు మాయాలోకమును, వైద్యులు చేపట్టిరి.

1968లో ఐవాన్ సదర్లాండ్ అను శాస్త్రజ్ఞుడు హార్వర్డులో తలకు తగిలించు దృశ్యయంత్రమును నిర్మించెను. బరువు మోయలేక దానిని పైకప్పు నుండి వ్రేలాడదీయవలసి వచ్చెను. నేడు చికిత్సకు శిరస్త్రాణము తప్పనిసరి కాదు. తెర, కెమెరా ఉన్న చాలును. హైదరాబాదు ఐ.ఐ.టి. ప్రోత్సాహముతో వెలసిన బీఏబుల్ హెల్త్ సంస్థవారి ఆర్మేబుల్ యంత్రము ఈ జాతిదే. పక్షవాత రోగి బల్లపై చేయి కదలించుచుండ, ఎదుటి తెరపై ఆట సాగును.

ఆట బాగున్నది. రోగి ఉత్సాహపడుచున్నాడు. కాని ఉత్సాహము వేరు, మేలు వేరు. ఈ భేదమును గ్రహించుటకు శామీర్‌పేట దాటి తుర్కపల్లి వరకు పోయిన చాలును. అచ్చటి భారత్ బయోటెక్ వారి రోటావ్యాక్ టీకాను ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది శిశువులపై పరీక్షించిరి. కొందరికి టీకా, కొందరికి మందులేని చుక్కలు ఇచ్చిరి. తీవ్రమైన రోటావైరస్ విరేచనములు సగముకంటె కొంచెము ఎక్కువగా తగ్గినట్లు 2014లో ప్రకటించిరి. ఫలితము అద్భుతము కాకపోయినను ఎంతయో తెలిసినది. పసివారి టీకాకు పెట్టిన ఈ కొలత ముసలివారి వ్యాయామయంత్రమునకు మాత్రము ఏల పెట్టరాదు?

పెట్టినవారు లేకపోలేదు. కెనడా, అర్జెంటీనా, పెరూ, థాయిలాండ్ దేశములలో 141 మంది పక్షవాత రోగులపై జరిగిన పరీక్ష ఫలితములు 2016లో వెలువడినవి. మామూలు చికిత్సకు తోడు కొందరు రెండు వారములలో పది గంటలు వీ యంత్రముపై ఆడిరి; తక్కినవారు అంతే కాలము పేకలు, డామినోలు ఆడిరి. చేతి పనితనమున ఇరువర్గములకును చెప్పదగిన భేదము కనబడలేదు. పేకాటకు వైద్యపత్రికలో ఇంతటి గౌరవము అంతకుముందు దక్కియుండదు!

అదే ఏడు మరియొక పరీక్ష వేరు మాట చెప్పెను. బెల్జియం, ఇజ్రాయెల్, ఇటలీ, నెదర్లాండ్స్, బ్రిటన్‌లలో తరచు పడుచున్న 60-90 ఏండ్ల వృద్ధులు 302 మందిని రెండు వర్గములు చేసిరి. ఆరు వారములు అందరును ట్రెడ్‌మిల్లుపై నడచిరి. ఒక వర్గమునకు మాత్రము ఎదుట తెరపై తమ పాదములు, దారిలో అడ్డంకులు, చీలిపోవు బాటలు కనబడుచుండెను. అడ్డు వచ్చినపుడు కాలు ఎత్తవలెను, దారి ఎంచుకొనవలెను. ఆరు నెలలకు లెక్కించిన పడుటల రేటు ఈ వర్గమున 11.9 నుండి 6.0కు తగ్గెను; వట్టి ట్రెడ్‌మిల్లు వర్గమున 10.7 నుండి 8.3కు మాత్రమే.

రెండింటను తెర ఉన్నది. రెండవదానిలోని అభ్యాసము వీధిలో కావలసిన నేర్పే. ముసలివారు పడుట కాలి బలహీనత వలననే కాదు; నడచుచు వేరొకదానిపై మనస్సు పెట్టవలసి వచ్చినపుడు అడుగు తడబడును. ఆ తడబాటునే తెర సరిదిద్దినది. పక్షవాతమునకు సంబంధించిన 190 పరీక్షలను క్రోడీకరించి కోక్రేన్ సంస్థ 2025లో ప్రకటించిన సమీక్షయు చేతి పనితనమున స్వల్ప ప్రయోజనమే చూపినది. ఆ పరీక్షలలో పెక్కింటి ఆటలు చేయి చాచుట, ముడుచుట వంటి కదలికలకే పరిమితమైనవి. నిత్యజీవితపు పనులను అభ్యసింపజేసినవి తక్కువ.

మన ఆసుపత్రులు యంత్రము కొనునపుడు బొమ్మల అందమును గాక ఈ విషయమును చూడవలెను. తుర్కపల్లి వృద్ధురాలికి కావలసినది టెన్నిసు బంతిని కొట్టుట కాదు. నేలపై కూర్చుండి లేచుట, గడప దాటుట, ఎత్తైన బస్సు మెట్టు ఎక్కుట, లారీలు పోవు రాజీవ్ రహదారిని దాటుట ఆమెకు కావలెను. వీనిని తెరపై కల్పించుట హైదరాబాదు ప్రోగ్రామర్లకు కష్టము కాదు. యంత్రము ఎంతకాలము నిలుచునో కూడ విచారింపవలెను. ఆటల కొరకు 2010లో వచ్చిన కైనెక్ట్ కెమెరాను చికిత్సకు వాడిన చోట్లు ఎన్నియో. 2017లో దాని తయారీని నిలిపివేసిరి.

పిమ్మట కొలత. తెరపై వచ్చిన పాయింట్లు ఆటలో నేర్పును తెలుపును. ఇంటిలో, వీధిలో ఏమి జరిగినదో తెలుపవు. ఆ అయిదు దేశముల పరీక్షలో వృద్ధులు తాము పడిన దినములను కాలెండరుపై గుర్తించిరి. తుర్కపల్లిలోను కాలెండరు లేని గోడ అరుదు.