ఈగ, నీటికుక్క, పదో తరగతి

బడిలో ఇంగ్లీషు పాఠాలు ఎంత కష్టంగా ఉండాలన్న ప్రశ్న మన దగ్గర ఎప్పుడు లేచినా, రెండు నిమిషాల్లో మీడియం గొడవలోకి జారిపోతుంది. ఇంగ్లీషు మీడియం కావాలా వద్దా అని కాసేపు అరుచుకుని ఎవరిదారిన వాళ్ళు పోతారు. పాఠం మాత్రం ఎవరూ తెరవరు. ఈమధ్య నేను తెరిచాను. 2014లో వచ్చిన పదో తరగతి ఇంగ్లీషు రీడరూ (తెలుగు రాష్ట్రాల పిల్లలు పదేళ్ళపాటు చదివింది అదే), దాని స్థానంలో 2024-25 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పెట్టిన ఎన్‌సీఈఆర్‌టీ వారి ‘ఫస్ట్ ఫ్లైట్’, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

పాత పుస్తకంలో ‘వాట్ ఈజ్ మై నేమ్?’ అని ఒక పాఠం ఉంది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథకి ఇంగ్లీషు అనువాదం అది. ఇల్లు తుడిచి ముగ్గులు పెట్టుకుంటూ మురిసిపోయే ఒక ఇల్లాలు, ఒకరోజు ఉన్నట్టుండి తన పేరు మరిచిపోతుంది. ఇరుగుపొరుగుని, పిల్లల్ని, మొగుణ్ణి అడుగుతుంది. ఒక్కరూ చెప్పలేరు. చివరికి పుట్టింటి ఊళ్ళో ఒక పాత స్నేహితురాలు ‘శారదా’ అని పిలిస్తే ప్రాణం లేచొస్తుంది. ఈ పాఠానికి డిక్షనరీ పెద్దగా అవసరం లేదు. ఆ ఇల్లు, ఆ ముగ్గు, ఆ ‘ఏమోయ్’ అనే పిలుపు, అన్నీ మనవే. అయినా ఇది తేలికైన పాఠం కాదు. తన పేరు తను మరిచిపోవడమేంటి, ఇది నిజంగా జరిగిందా, జరగకపోతే ఎందుకు రాసినట్టు? పదిహేనేళ్ళ పిల్లకి అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. పైగా ఆ స్నేహితురాలు శారదకి గుర్తు చేసేవాటిలో, పదో తరగతిలో స్కూలు ఫస్టు వచ్చావన్న మాట కూడా ఉంది. ఆ వాక్యాన్ని పది చదువుతున్న అమ్మాయిలు క్లాసులో కూర్చుని చదువుతారు. సిలబస్ వేసినవాళ్ళు ఇది అనుకునే చేశారో లేదో గానీ, ఇంతకన్నా సూటిగా తగిలే చోటు ఏ పాఠంలోనూ నాకు కనపడలేదు.

అనువాదంలో పోయింది కూడా ఉంది. తెలుగు శీర్షిక వినగానే ‘పండగ కాదు’ అని సామెత పూర్తి చేసుకుంటాం. ఇల్లలుకుతూ పేరు మరిచిపోయి, గుర్రం కడుపులోని పిల్ల దాకా అందరినీ అడిగిన ఈగ గుర్తొస్తుంది. ఇంగ్లీషు శీర్షికకి ఆ ఈగ లేదు. అయితే టీచరు ఆ ఈగ కథ రెండు నిమిషాలు చెబితే చాలు, పాఠం మొత్తం వెలుగుతుంది. సత్యవతిగారు స్వయంగా ఇంగ్లీషు పాఠాలు చెప్పిన లెక్చరరు కూడాను.

పాత పుస్తకాన్ని మొత్తంగా వెనకేసుకు రావడం లేదు. ‘యాటిట్యూడ్ ఈజ్ ఆల్టిట్యూడ్’ అని కాళ్ళూ చేతులూ లేకుండా పుట్టిన నిక్ వుయిచిచ్ గురించి ఒక పాఠం ఉంది దాన్లో. మనిషి గొప్పవాడే. కానీ పాఠం ఏం చెప్పబోతోందో శీర్షికే చెప్పేసింది. మాటలూ తేలికే, విషయమూ తేలికే. అలాంటిది ఆఫీసులో హెచ్‌ఆర్ వాళ్ళు పంపే మెయిల్లో చదువుకోవచ్చు, దానికి బడి ఎందుకు?

కొత్త పుస్తకంలో నన్ను ఆపింది ‘మిజ్‌బిల్ ది ఆటర్’. గావిన్ మాక్స్‌వెల్ ఇరాక్‌లోని బస్రాలో ఒక జంతువుని సంపాదించి, స్నానాల తొట్లో దాని ఆటలు చూసి, విమానంలో లండన్ తీసుకెళ్తాడు. అక్కడి జనం అది సీలా, ఉడతా అని అడుగుతుంటారు. హాస్యం చాలా బాగుంటుంది, నాకు. నర్సీపట్నంలో పోయినేడు పది రాసిన మా అక్క కూతురికి మాత్రం బస్రా తెలీదు, స్నానాల తొట్టి తెలీదు, ఆటర్ అసలే తెలీదు. ఆ జంతువేంటో తెలిస్తేనే కదా, లండన్ వాళ్ళ తప్పుడు ఊహలకి నవ్వొచ్చేది! గైడులో జవాబులు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంది. మా వృత్తిలో ఒక అలవాటుంది: ఏదైనా పరీక్షించాలంటే ఒకసారికి ఒక్కటే మారుస్తాం. రెండు మూడు కలిపి మారిస్తే ఎక్కడ ఆగిపోయిందో తెలీదు. ఈ పాఠంలో భాష, ఊరు, జంతువు, హాస్యం నాలుగూ ఒకేసారి కొత్త.

నిజానికి ఆ జంతువు అంత పరాయిదేం కాదు. మిజ్‌బిల్‌ది నున్నటి బొచ్చున్న నీటికుక్కల జాతి. కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్లో తిరిగేవీ ఆ జాతివే. ఈ ఒక్క ముక్క పాఠం పక్కన అచ్చువేస్తే నాలుగు కొత్తల్లో ఒకటి తగ్గేది. ఢిల్లీలో దేశం మొత్తానికి వేసే పుస్తకంలో కోరింగ ఎలా వస్తుంది? అది మన రాష్ట్రం వాళ్ళు చేయాల్సిన పని.

అలాగని పరాయి దేశం కథలన్నీ కష్టమని కాదు. అదే పుస్తకంలో ‘ఎ లెటర్ టు గాడ్’లో లెంచో పంట వడగళ్ళకి పోతుంది. దేవుడికి ఉత్తరం రాసి వంద పెసోలు అడుగుతాడు. పోస్టాఫీసు వాళ్ళు పోగేసి డెబ్భై పంపిస్తే, మిగతాది వాళ్ళే కాజేశారంటాడు. మెక్సికో కథ అది. తుఫానుకి పంట పోయిన ఇంటి పిల్లలకి ఒక్క పేరు తప్ప ఏదీ కొత్త కాదు. చెహోవ్ ‘ది ప్రపోజల్’ అయితే, రష్యన్ పేర్లు తీసేస్తే, అచ్చంగా మన పొలం గట్టు తగాదా. వల్లిక్కణ్ణన్ ‘మేడమ్ రైడ్స్ ది బస్’ తమిళం నుంచి వచ్చింది. ఎనిమిదేళ్ళ వల్లి డబ్బులు కూడబెట్టుకుని ఒంటరిగా బస్సెక్కుతుంది. తిరుగు ప్రయాణంలో, వెళ్ళేటప్పుడు పరిగెత్తిన ఆవు దారిలో చచ్చిపడి ఉంటుంది. ఆ తర్వాత కిటికీలోంచి చూడదు. గైడులో ‘ఎందుకు చూడలేదు?’ అన్నదానికి ‘చచ్చిన ఆవుని చూసింది కాబట్టి’ అని ఒక్క వాక్యం ఉంది. పిల్ల కాసేపు ఆగి తేల్చుకోవాల్సిన కష్టాన్ని గైడు అలా ముందే తినేస్తుంది. పుస్తకం మార్చినా ప్రశ్నలు అవే అడిగితే ఇదీ మారదు.

సత్యవతి కథ పోయిన చోటుకి దగ్గరగా ఒకటి మిగిలింది. ఎన్‌సీఈఆర్‌టీ సప్లిమెంటరీ రీడర్‌లో కె.ఎ. అబ్బాస్ ‘భోలీ’. ఊరంతా భోలీ, అంటే వెర్రిబాగులది, అని పిలిచే పిల్ల అసలు పేరు సులేఖ. బడిలో మొదటిరోజు టీచరు పేరడిగితే నత్తితో చెప్పడానికి ఏడుపొస్తుంది. శారదని ఎవరూ పేరు పెట్టి పిలవరు, సులేఖని తప్పు పేరుతో పిలుస్తారు. ‘ఇల్లలకగానే’ని జిరాక్స్ తీయించి, ఈ రెండూ ఒకే వారంలో చెప్పే టీచరు ఎవరైనా మా ఊళ్ళో ఉంటే, వెనక బెంచీలో కూర్చుని వినాలని ఉంది.